పాట నడుమ వరమ్మ

"ఈ పొద్దు ఆ దెబ్బ కూడా నిలబడిపోతాదేమో," అంది వరమ్మ, చేటలో కందిపప్పు చెరుగుతా.

అప్పటికి ఏమీ జరగలేదు. కొడుకు మిల్లు నుంచి రానే లేదు. వాని గది తలుపు దగ్గరికి వేసి ఉంది. కానీ వరమ్మ తీరే అంత. ఎండాకాలానికి ముందే కొత్త కుండ తెచ్చిపెట్టుకున్నట్టు, కష్టం రాకముందే దానికి కావాల్సిన భయాన్ని తెచ్చిపెట్టుకుంటుంది.

"ఏం దెబ్బ?" అన్నాడు సుందరం మంచం మీద నుంచి. ముప్పై ఏండ్లు మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేసి, ఆ తెల్లదుమ్మంతా రొమ్ములో నింపుకొని ఇంటికి చేరిన మనిషి. నాలుగు మాటలకొక దగ్గు.

"వాని పాటలో దెబ్బ. దబ్ దబ్ మంటాది సూడు, అది. అదొకటే మిగిలుండాది. కడమయన్నీ ఒక్కొక్కటే తీసేసినాడు."

"మంచిదే. అది కూడా తీసేస్తే నేను కాసేపు నిద్రపోతా."

"నీకు ఎగతాళి గాక ఇంకేముండాది. కన్నకడుపు నాది."

"వాన్ని కన్నది నువ్వే, కాదన్లేదు. వాని పాటల్ని కూడా నువ్వే కన్యావా ఏంది?"

వరమ్మ మళ్లీ చేట ఎత్తి చెరిగింది. జవాబు చెప్తే ఇంకొంచెం నవ్వుతాడు. నవ్వితే దగ్గొస్తుంది. దగ్గొస్తే మళ్లీ ఆమెకే భయం.

వసంతకుమార్ వినే పాటల సంగతి ఈనాటిది కాదు. పదహైదేండ్ల కిందట కర్నూల్లో డిప్లొమా చదువుతూ, ఉమామహేశ్, ఓబుళేశు అనే ఇద్దరు సావాసగాళ్లతో ఒక అద్దెగదిలో ఉండేవాడు. ఆ ఏడు ఎండాకాలం సెలవులకు ఇంటికొస్తూ పాత కంప్యూటరొకటి, రెండు స్పీకరు బాక్సులు మోసుకొచ్చినాడు. ఆ సాయంత్రం మొదటిసారి గోడ అవతల నుంచి వచ్చిన శబ్దానికి వరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికొచ్చి ఆకాశం చూసింది. రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంది. వాన కాదు. వానలాంటి ఆ రాగం మధ్యలో ఎవరో ఆడమనిషి, ఏ భాషో తెలియదు, ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నట్టు గొంతెత్తి పాడుతోంది.

"ఎవురా ఆమె? ఏంటికి ఏడుస్తాది?" అని అడిగింది తలుపు తోసి.

"ఏడుపు కాదు మా, పాట. ట్రాన్స్ అంటారు దీన్ని. మనిషిని కిందినుంచి పైకి లేపుతాది," అన్నాడు వాడు. అప్పుడు వానికి పంతొమ్మిది. కండ్లు మెరుస్తున్నాయి.

వరమ్మ చదివింది ఐదో తరగతి. బైబిలు, పాటల పుస్తకం, బస్సుల బోర్డులు చదువుతుంది. ఈ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. అయినా వినగా వినగా అలవాటైంది. ఒకసారి గిన్నెలు తోముతూ ఆ వాన రాగాన్ని తనే కూనిరాగం తీస్తోందని తెలిసి, ఎవరన్నా చూసినారేమోనని అటూ ఇటూ చూసుకుంది.

తర్వాత ఆడమనిషి పోయింది. ఎప్పుడు పోయిందో వరమ్మకు బాగా గుర్తు. ఆ పాటల కచేరీ ఉందని ముగ్గురూ బెంగళూరు పోయిన ఏడది. అక్కడ పిల్లలు ఏమేమో తాగుతారంట, మింగుతారంట అని ఎవరో చెప్తే ఆమె మూడు దినాలు ఉపవాసముంది. కొడుకు ఏమీ తాగకుండా, మింగకుండా, గొంతు బొంగురు పోయి తిరిగొచ్చినాడు. కానీ అప్పటి నుంచి పాటల్లో ఆమె గొంతు వినపడలేదు. కొన్నేండ్లకు వాన కూడా సన్నబడింది. జల్లు, తర్వాత తుంపర, తర్వాత అదీ లేదు. ముగ్గురాయి మిల్లులో ఉద్యోగం వచ్చినాక దెబ్బ కూడా నెమ్మదించింది. ఇప్పుడు వినబడేది దబ్... దబ్... అంతే, నీళ్లందని బోరుకు మోటారు ఆడుతున్నట్టు.

ఇట్లా ఒక్కొక్కటే వదులుకునే మనుషులు వరమ్మకు తెలుసు. వెనక వీధి గిడ్డమ్మ కొడుకు అట్లే చేసినాడు. ముందు బండి తమ్మునికిచ్చినాడు. నెలకు సెల్లు ఎవరికో ఇచ్చినాడు. మంచి చొక్కాలు పంచిపెట్టినాడు. అందరూ ఎంత మంచోడో అనుకున్నారు. ఆ తర్వాత ఒక పొద్దు వాడే లేడు. పోయేవాళ్లు ఒక్కసారిగా పోరు, ఒక్కొక్కటే కింద పెట్టుకుంటా పోతారు అని ఆనాడు గిడ్డమ్మ ఏడుస్తూ చెప్పిన మాట వరమ్మ చెవిలో నాటుకుపోయింది.

వసంతకుమార్‌కు ముప్పైనాలుగేండ్లొచ్చినా పెండ్లి మాటెత్తితే లేచి పోతాడు. మాట తక్కువ. పాటలోనైనా ఏదో ఒకటి మిగిలి ఉందంటే, ఆ గోడ అవతల వాడున్నాడని ఆమెకు ధైర్యం.

ఆ సాయంత్రం వాడు వచ్చినాడు. కనుబొమ్మలు, చెవులు, జేబులు, అన్నీ ముగ్గురాయి పొడితో తెల్లగా ఉన్నాయి. స్నానం చేసి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి దబ్... దబ్... మొదలైంది. వరమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఐదు నిమిషాలు ఆడింది. తర్వాత దెబ్బ ఆగింది.

ఇది కొత్త కాదు. మొదటి నుంచీ ఆ పాటల్లో నడుమ ఎక్కడో ఒకచోట దెబ్బ ఆగుతుంది. అట్లా ఆగినప్పుడల్లా వరమ్మ మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. ఇరవై దాకా ఓపిక పడుతుంది. ఇరవైకి లేచి తలుపు కొడుతుంది. వానికేమైనా అయిందేమోనని అడగలేక తిండి సంగతి అడుగుతుంది.

"వసంతా, ఉగ్గాని చేసినా. తింటావా?"

లోపల ఏదో టక్కుమని ఆగింది. "వస్తాండా మా."

తినేటప్పుడు అడిగింది, "ముందు పాటల్లో ఒకామె పాడ్తాండె గదా నాయనా. ఆమె ఏమైంది?"

"యా ఆమె?"

"వానలో పాడేటామె."

వాడు కాసేపు గుర్తు చేసుకున్నాడు. "ఆ పాటలా? అవి ఇప్పుడు వినల్యా మా. మనసుకు పట్టల్యా," అని పళ్లెం తీసుకొని లేచిపోయినాడు.

మనసుకు పట్టలేదంట. వరమ్మకు ఆ మాటలో మిగతాదేమీ వినిపించలేదు. గిడ్డమ్మ కొడుకు కూడా చొక్కాలు పంచేటప్పుడు ఇదే మాట అన్నాడు.

వాళ్ల చర్చిలో వాకిలి పక్కన కొయ్యపెట్టె ఉంటుంది. ప్రార్థన కావాల్సినోళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం కానుకలు పట్టినాక అయ్యగారు చీటీలు చదువుతారు, సంఘమంతా ప్రార్థన చేస్తుంది. పేర్లెవరూ రాయరు. ఒక సహోదరి కుమారుని కొరకు, ఒక కుటుంబ సమాధానం కొరకు, అని రాస్తారు. విని ఎవరిదో అందరికీ తెలుస్తుంది గానీ, తెలియనట్టు ఉంటారు. అది మర్యాద.

వరమ్మ మాత్రం పేరు రాసింది. పేరు లేకుంటే దేవుడు ఎవరి కొడుకని వెతుకుతాడు? వెతికేలోపల కాస్త ఆలస్యమైతే? మూడు సార్లు రాసి, చింపి, నాలుగోది వేసింది.

ఆదివారం వసంతకుమార్ ఎప్పటిలాగే కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. వాడు చర్చిలో వాయించబట్టి పన్నెండేండ్లు. అయ్యగారు చీటీలు చదువుతున్నంతసేపూ వెనక మెల్లగా ఒక స్వరం సాగదీస్తూ ఉంటాడు. రెండు చీటీలు అయినాయి. మూడోది విప్పి అయ్యగారు కండ్లద్దాలు సర్దుకున్నారు.

"నా కొడుకు వసంతకుమార్ తన పాటల్లో ఒక్కొక్కటే తీసేస్తా ఉండాడు. ఆడమనిషిని తీసేసినాడు. రాగం తీసేసినాడు. ఇప్పుడు దెబ్బ ఒకటే ఉంది. అది కూడా ఆగిపోకుండా దేవుడు చేయి అడ్డం పెట్టేటట్టు ప్రార్థించండి. వరమ్మ."

చదవడం అయిపోయినాక కూడా అయ్యగారు ఆ చీటీ వైపే చూస్తున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి గుసగుస లేచింది. 'ఆడమనిషిని తీసేసినాడు' అన్న దగ్గర రెండు కొంగులు నోళ్ల మీదికి పోయినాయి. వసంతకుమార్ వేళ్లు మాత్రం కీబోర్డు మీదే ఉండిపోయినాయి. ఒకటే స్వరం, ఎత్తకుండా, మార్చకుండా, చాలాసేపు మోగింది. ఎవరో దగ్గినాక గానీ వాడు చేయి తీయలేదు.

అంతటితో పోయినా బాగుండేది. మధ్యాహ్నం స్త్రీల సమాజం కృష్ణవేణమ్మ నలుగురిని వెంటబెట్టుకొని ఇంటికొచ్చింది. చేతిలో అభిషేకం నూనె సీసా.

"భయపడొద్దు వరమ్మక్కా," అంది చెప్పులు విప్పుతా. "మా మరిది కొడుకు కూడా సెల్లులో మునిగి ఇట్లే అయినాడు. ప్రార్థన చేసి, పెండ్లి చేస్తే సర్దుకున్యాడు. ఎవురు ఆ ఆడమనిషి?"

"ఆడమనిషి కాదు కృష్ణవేణీ, పాటలో గొంతు."

"అట్లే అంటారు మొదట్లో," అంది కృష్ణవేణమ్మ.

వచ్చినోళ్లంతా వాని గదిలోకి పోయినారు. బాక్సుల మీద చేతులు పెట్టినారు. కంప్యూటరుకు నూనె బొట్టు పెట్టినారు. ఒకామె గోడకు కూడా పెట్టింది. వసంతకుమార్ తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడి, అంతా అయ్యేదాకా నేల చూస్తున్నాడు. వాళ్లు పోయేటప్పుడు "వందనాలమ్మా" అని కూడా చెప్పినాడు.

"నూనె పూసినారు, ఇంక తుప్పు పట్టవులే," అన్నాడు సుందరం, వాన్ని నవ్వించాలని. వాడు నవ్వలేదు. గుడ్డ తెచ్చి బాక్సులు తుడిచి, తల్లి ఎదురుగా వచ్చి నిలబడినాడు. కోపంగా కూడా లేడు. అలిసిపోయి ఉన్నాడు.

"పదహైదేండ్లుగా గోడకు చెవి ఆనిచ్చుకోనుండావు మా. ఒక్క పాటన్నా కడాకు విన్యావా నువ్వు?"

అదే ఆఖరి మాట. ఆ తర్వాత వాడు తల్లితో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడమంటే అలిగి అన్నం మానేయడం కాదు. పెట్టింది తింటాడు. చెంబు అందిస్తే తీసుకుంటాడు. తండ్రికి మందులు తెస్తాడు, తండ్రితో రెండు మాటలు మాట్లాడతాడు. వరమ్మ ఏదడిగినా తల ఊపడమే. పాటలు బయటికి పెట్టడం మానేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. గోడ అవతల ఇప్పుడు దెబ్బ కూడా లేదు. ఏది జరగకూడదని చీటీ రాసిందో, ఆ చీటీ వల్లే అది జరిగింది. వరమ్మ గోడకు చెవి పెడితే తన రక్తం హోరే వినిపిస్తోంది.

ఒక దినం, రెండు, నాలుగు. ఐదో దినం తలుపు సందులోంచి చూసింది. వాడు కండ్లు మూసుకొని కూర్చున్నాడు, మోకాలి మీద వేలొకటి మెల్లగా ఆడుతోంది. ఆ వేలు ఆగిందా ఆడుతోందా అని చూడడానికి ఆ సాయంత్రం ఏడుసార్లు తిరిగింది. ఆరో దినం ఇంక ఉండబట్టలేదు.

"కడపలో స్తుతి దగ్గరికి పోయొస్తా," అని మొగునికి చెప్పింది. స్తుతి వాళ్ల కూతురు. తెల్లారుజామున బస్సెక్కి కడపలో దిగింది గానీ, కూతురింటికి పోలేదు. కర్నూలు బస్సెక్కి, మిట్టమధ్యాహ్నం ఎండలో దిగి, ఆటోలో ఉమామహేశ్ అంగడికి పోయింది. పెండ్లిండ్లకు, ఊరేగింపులకు డీజే బాక్సులు బాడుగకిచ్చే అంగడి అది. మనిషెత్తు నల్లటి బాక్సుల నడుమ ఉమామహేశ్ కూర్చొని వైర్లు చుడుతున్నాడు. కాలేజీ రోజుల్లో బక్కగా ఉండేవాడు. ఇప్పుడు పొట్టొచ్చింది.

"ఏమ్మా, నువ్వా? ఒక్కదానివే వచ్చినావా?"

"నాయనా, నాకు దాచొద్దు. వసంతునికి ఏమన్నా జబ్బుండాదా?"

"జబ్బేందిమా?"

ఆమె నిలబడే చెప్పింది. ఆడమనిషి పోవడం, వాన పోవడం, దెబ్బ నెమ్మదించడం, చీటీ, నూనె, ఆరు దినాల మౌనం. ఉమామహేశ్ చేతిలో వైరు వదిలేసి విన్నాడు. అంతా విని తల గోక్కున్నాడు.

"మా, నువ్వు చెప్పిందే మేము ముగ్గురం రెండేండ్లుగా వాట్సాప్‌లో కొట్లాడుకుంటాండేది. మాకు కూడా ఇంత బాగా చెప్పను చేతకాల్యా."

"ఏం కొట్లాట?"

"కూసో ముందు." కుర్చీ వేసినాడు. "ముగ్గురం ఒకటే గదిలో, ఒకటే పాటలతో మొదలుపెట్టినాం. ఇరవై ఏండ్లప్పుడు ఎట్లుంటాది? పాట ఎగరాల, గుండె పగలాల, మళ్లా అతుక్కోవాల. నిమిషానికి నూట ముప్పై ఎనిమిది దెబ్బలు. ఓబుళేశు ఆడనే నిలబడినాడు. ఆనాటి పాటలే పాటలు, తర్వాత వచ్చిందంతా చెత్త అంటాడు. పొద్దున లేస్తే అవే. నాకేమో ఊరేగింపుల్లో బాక్సులు మోగిచ్చి మోగిచ్చి మెత్తటిది చెవికి ఆనదు. నూట నలభై ఐదుకు ఎక్కినా. మీవాడు నూట పదికి దిగినాడు."

"దిగినాడా?" వరమ్మ చేయి రొమ్ము మీదికి పోయింది.

"నాడి నూట నలభై నుంచి నూట పదికి దిగితే డాక్టరు సంతోషపడ్తాడు గదమ్మా. నువ్వేంది ఇట్ల భయపడ్తావు?"

"దిగి దిగి నిలబడిపోతేనో?"

ఉమామహేశ్ ఆమె ఎదురుగా ఒక బాక్సు మీద కూర్చున్నాడు. "వాడు పొద్దంతా మిల్లులో ఆ దడదడలో ఉంటాడు. ఇంటికొచ్చి మళ్లా దడదడ ఎట్ల వింటాడు? నేనైతే ఓబుళేశు పక్షం కాదు, మీవాని పక్షం కాదు. కానీ వాడు అన్నీ తీసేసినాడంటే నేను ఒప్పుకోను. అవి శానా దూరంగా వినపడే పాటలకు పోయినాడు, అంతే."

అప్పుడే లోపలి నుంచి ఉమామహేశ్ పెండ్లాం శివలీల టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ, "ఈమేనా వరమ్మత్త?" అని మొగుణ్ణి అడిగింది. అడిగి, నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఉమామహేశ్ కండ్లతో వద్దన్నాడు. ఆలస్యమైంది.

"ఏంటికి నవ్వుతాండావు పాపా?"

"ఏం లేదత్తా. మీ పేరు మా ఇంట్లో దినానికి పదిసార్లు వింటాం."

"నా పేరా?"

శివలీల మొగుని వైపు చూసింది. వాడు తల వంచుకొని వైరు చుట్టడం మొదలుపెట్టినాడు. "చెప్పు," అంది వరమ్మ.

"పాట నడుమ దెబ్బ ఆగిపోతాది గదమ్మా," అన్నాడు వాడు, తలెత్తకుండా. "అంతా సన్నగైపోయి, ఒక్కోసారి ఏమీ వినపడదు. ఆ జాగాకు మేము వరమ్మ అంటాం. ఈ పాటలో వరమ్మ రెండు నిమిషాలుండాది, ఆ పాటలో వరమ్మ సాగల్యా, అట్ల. ఓబుళేశు పాటల్లో వరమ్మ చిన్నది. మీవాని పాటల్లో వరమ్మ ఎంతసేపన్నా ఉంటాది."

"నా పేరేంటికి పెట్టినారు నాయనా?"

"సెలవుల్లో వాడు ఇంటినుంచి ఫోను చేసి పాటలు వినిపిస్తాండె. సరిగ్గా ఆ జాగా రాంగానే తలుపు టకటక. అన్నం తింటావా అని నీ గొంతు. వాడు పాట ఆపేస్తాండె. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఇప్పటికీ అంతే అని వాడే చెప్తాడు. మాయమ్మ ఉండంగా ఒక పాట కడాకు పోదురా అని నవ్వుతాండె." ఆగి అన్నాడు, "కోపంతో కాదు మా. నవ్వుతానే."

వరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. పదహైదేండ్ల తలుపులన్నీ ఒకేసారి గుర్తుకొచ్చినాయి. పొంగలి, ఉగ్గాని, టీ, మజ్జిగ, మాత్రలు. ప్రతిసారీ ఇరవై లెక్కపెట్టి లేచింది. ఇరవై ఒకటి ఎట్లుంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఆడ ఆగినాక మళ్లా వస్తాదా?" అని అడిగింది.

"ఏంది?"

"అంతా."

"నేను చెప్తే నువ్వు నమ్మవు. కూసోని ఇనాల."

కూర్చొని వినడం కంటే వరమ్మకు సులభమైన దారి ఇంకోటి తోచింది. పోయినవాటిని తిరిగి తెచ్చి పెడితే సరిపోదా? "ఆ పాత పాటలు ఉండాయా నీ దగ్గర? ఆడమనిషియి?" అంది. ఉమామహేశ్ వద్దని ఒకసారి చెప్పి చూసినాడు. ఆమె కదల్లేదు. చివరికి ఒక పెన్ డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చినాడు. దాన్ని బైబిలు సంచిలో పెట్టుకొని ఆ సాయంత్రం కడపకు తిరిగొచ్చి కూతురింట్లో పడుకుంది. స్తుతి ఎన్ని అడిగినా కాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ చెప్పలేదు.

మరునాడు సాయంత్రం కొడుకు వచ్చే వేళకు పక్కింటివాళ్ల చేత పెన్ డ్రైవ్ టీవీకి పెట్టించుకుంది. వాన మొదలైంది. అదే వాన. రేకుల మీద పడే వాన. తర్వాత ఆమె గొంతు. వరమ్మకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఇంట్లోకి ఎవరో చాలా ఏండ్లకు తిరిగొచ్చినట్టు ఉంది.

వాకిట్లో బండి ఆగింది. వసంతకుమార్ గడప బయటే నిలబడినాడు. తెల్లటి కనుబొమ్మల కింద కండ్లు టీవీని, తల్లిని మార్చి మార్చి చూసినాయి. ఒక్క క్షణం వాని పెదవి కదిలినట్టనిపించి వరమ్మ ఆశగా ముందుకొచ్చింది. వాడు లోపలికొచ్చి, శబ్దం తగ్గించి తగ్గించి సున్నా చేసి, పెన్ డ్రైవ్ పీకి ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని మూసి, స్నానానికి పోయినాడు.

"పోయి పోయి ఇంత దూరం పోయి ఇదా తెచ్చింది?" అన్నాడు సుందరం. కర్నూలు సంగతి ఆయనకెట్ల తెలిసిందో వరమ్మ అడగలేదు. "చిన్నప్పటి చొక్కా దాచిపెట్టి ఇప్పుడు తొడుక్కోమంటే ఎవడు తొడుక్కుంటాడే?"

"బాగుండె గదా ఆ చొక్కా."

"బాగుండె. ఇప్పుడు పట్టదు."

"పట్టకుంటే పట్టలేదని నోరు తెరిచి చెప్పొచ్చు గదా. రాయి మాదిరి ఉంటే నాకెట్ల తెలుస్తాది? ఏం చేసినా తప్పే. అడిగితే తప్పు, అడక్కుంటే భయం. ప్రార్థన చేయిస్తే తప్పు. పాట తెస్తే తప్పు. నేనేం చేయాలో ఒక్కరన్నా చెప్పండి," అంది వరమ్మ. పెన్ డ్రైవ్‌ను పప్పు డబ్బాలో పడేసి మూత పెట్టింది.

సుందరం దగ్గి, దగ్గు ఆగినాక, "ఏమీ చేయకు," అన్నాడు. "అదొక్కటే నువ్వు ఇంతవరకు చెయ్యంది."

ఆ మాట ఆమెను మూడు దినాలు తినింది. పదో దినం వసంతకుమార్ వచ్చి స్నానం చేసి గదిలోకి పోయినాక, వరమ్మ పొయ్యి మీద నీళ్లు దించి, అన్నం ఎక్కించి, చేతులు తుడుచుకొని, తలుపు కొట్టకుండా తోసింది. వాడు హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోబోతున్నాడు. వరమ్మ లోపలికొచ్చి, తలుపు మళ్లీ మూసి, ఆ తలుపుకే వీపు ఆనించి నేల మీద కూర్చుంది.

"బయటికే పెట్టు పాట," అంది. "కొట్టను. తలుపు ఈవలే ఉండా గదా, యాడ కొడతా."

వాడు చూస్తున్నాడు.

"ఉమామహేశ్ చెప్పినాడు. నా పేరు పెట్టుకున్యారంట గదా. పెట్టుకోండి." కొంగు సర్దుకుంది. "ఒకటే అడుగుతా. ఆమె యాడికి పోయింది నాయనా? పాడేటామె. ఏమైంది?"

వాడు హెడ్‌ఫోన్ల వైరు పీకేసి, కంప్యూటర్లో ఏదో నొక్కినాడు.

దబ్... దబ్... మొదలైంది. గది లోపల కూర్చొని వింటే బోరు మోటారులా ఉండలేదు. దెబ్బకు దెబ్బకు మధ్య ఏవో సన్నటి శబ్దాలు ఉన్నాయి. గోడ వాటిని ఇన్నాళ్లూ మింగేసినట్టుంది. చీమలు నడిచినట్టు ఒకటి, దూరంగా గొలుసు ఈడ్చినట్టు ఒకటి. వాటిలో ఏదో లోతున వానవాసన లాంటిది ఉందా, లేదా, ఆమెకు తేలలేదు. వాడు కండ్లు మూసుకున్నాడు. మోకాలి మీద వేలు ఆడుతోంది. ఆమె వాని వేలినే చూస్తూ కూర్చుంది.

ఐదు నిమిషాలైందో ఆరైందో, దెబ్బ ఆగింది. వేలు కూడా ఆగింది.

ఒకటి, రెండు, మూడు. పది. పదహైదు. ఇరవై. వరమ్మ మోకాళ్లు వాటంతట అవే కదిలినాయి. పళ్లు బిగబట్టి కూర్చుంది. ముప్పై. గదిలో ఏమీ లేదు. ఇంట్లో శబ్దాలు ఒక్కొక్కటే బయటికొచ్చినాయి. పంచలో సుందరం దగ్గు. ఎక్కడో ముగ్గురాయి లారీ గేరు మార్చిన చప్పుడు. మూత కింద అన్నం ఉడుకుతున్న బుడబుడ. నలభై, యాభై. వాని రొమ్ము పైకీ కిందికీ కదులుతోందని చూసుకుంది. అరవై. అన్నం తింటావా అన్న మాట నాలుక కొసకు వచ్చింది. మింగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ మింగింది. తొంభై దాటినాక లెక్క తప్పిపోయింది. ఇంక ఎక్కడని తెలియక, లేవడానికి ఒక చేయి నేలకు ఆనించింది.

వసంతకుమార్ కండ్లు తెరవలేదు. పది దినాల తర్వాత వాని గొంతు, కొంచెం బొంగురుగా, కొంచెం విసుగ్గా వచ్చింది.

"ఆమె యాడికీ పోలేదు మా. వస్తాది. లేయొద్దు, కూసో."